ఇంగ్లండ్ సిక్స్త్ ఫార్మ్ కాలేజీలో మొదటి టర్మ్: తెలుగు తల్లిదండ్రులు తరచుగా అడిగే ప్రశ్నలు

సెప్టెంబర్‌లో మొదలైన టర్మ్ క్రిస్మస్ సెలవులతో ముగుస్తుంది. ముగిసే వారంలో కాలేజీ నుంచి న్యూస్‌లెటర్ వస్తుంది. ఎవరికి ఏ మెడల్ వచ్చింది, ఎవరు ఎక్కడ వాలంటీరింగ్ చేశారు, ఫుడ్ బ్యాంకుకి ఎన్ని డబ్బాలు పోగయ్యాయి అన్నీ అందులో ఉంటాయి. మనవాళ్ల వాట్సాప్ గ్రూపుల్లో ప్రశ్నలూ ఆ రోజే మొదలవుతాయి. పదే పదే వచ్చే వాటికి ఇక్కడ జవాబులు రాశాను. నియమాలు ఉన్నచోట నియమాలు చెప్పాను, మిగతాచోట్ల నా అభిప్రాయం చెప్పాను.

సిక్స్త్ ఫార్మ్ కాలేజీ అంటే మన ఇంటర్ కాలేజీయేనా?

వయసు వరకైతే అవును. పదహారేళ్లకి జీసీఎస్ఈ పరీక్షలు అయ్యాక చదివే రెండేళ్లు ఇవి. ఇయర్ 12, ఇయర్ 13 అంటారు. పోలిక దాదాపు అక్కడితో సరి. ఇక్కడ ఎంపీసీ, బైపీసీ లాంటి గ్రూపులు లేవు. మామూలుగా మూడు సబ్జెక్టులే తీసుకుంటారు, ఏ మూడు కావాలన్నది విద్యార్థి ఇష్టం. మ్యాథ్స్, హిస్టరీ, ఆర్ట్ కలిపి చదివే పిల్లలు ప్రతి కాలేజీలోనూ కనిపిస్తారు. ఏ లెవెల్స్ (ఇలా సబ్జెక్టుల వారీగా చదివి రాసే పరీక్షలు) కాకుండా బీటెక్ కోర్సులు కూడా ఉంటాయి (మన బీటెక్ కాదు, పని నేర్పే కోర్సులు). 2020 నుంచి టీ లెవెల్స్ (ఒక వృత్తికి తయారుచేసే కోర్సులు) వచ్చాయి. ఒక టీ లెవెల్ మూడు ఏ లెవెల్స్‌తో సమానం, అందులో కనీసం 315 గంటలు బయట ఒక సంస్థలో పని చేయాలి.

కొన్ని స్కూళ్లలో సిక్స్త్ ఫార్మ్ స్కూల్లోనే భాగం. ఈ రెండేళ్లకే పెట్టిన విడి కాలేజీలూ ఉన్నాయి. కేంబ్రిడ్జ్‌లోని హిల్స్ రోడ్, వించెస్టర్‌లోని పీటర్ సిమండ్స్ అలాంటివే. రెండూ 1974లో పాత మగపిల్లల హైస్కూళ్ల నుంచి సిక్స్త్ ఫార్మ్ కాలేజీలుగా మారాయి. పీటర్ సిమండ్స్‌కి హాస్టల్ ఉంది. దక్షిణ అట్లాంటిక్‌లోని ఫాక్‌లాండ్ దీవుల నుంచి పిల్లలు వచ్చి ఏ లెవెల్స్ అక్కడ చదువుకుంటారు. ప్రభుత్వ నిధులతో నడిచే కాలేజీల్లో 16 నుంచి 18 ఏళ్ల పిల్లలకి ట్యూషన్ ఫీజు ఉండదు. ఇంగ్లండ్‌లో 18 నిండేదాకా ఏదో ఒక చదువులోనో శిక్షణలోనో ఉండి తీరాలి కాబట్టి, ఇది మానేసి ఖాళీగా ఇంట్లో కూర్చునే వీలు లేదు.

న్యూస్‌లెటర్ అంతా వెతికాను. ర్యాంకులు ఎక్కడ?

ఉండవు. ఏ లెవెల్స్‌లో స్టేట్ ఫస్ట్, ఆలిండియా 43 లాంటి మాటే లేదు. ఏ స్టార్ నుంచి ఈ వరకు గ్రేడ్లు ఇస్తారు. ఆ ఏ స్టార్ కూడా 2010లోనే వచ్చింది. ఫలితాలు ఆగస్టులో ఒక గురువారం విడుదలవుతాయి, కాబట్టి డిసెంబర్ న్యూస్‌లెటర్‌లో పరీక్ష మార్కులు పెద్దగా కనిపించవు. విజయవాడలోనో అమీర్‌పేటలోనో ఫ్లెక్సీల మీద పాస్‌పోర్టు ఫోటోల వరసలు చూసి పెరిగిన మనకి ఇది వెలితిగానే అనిపిస్తుంది. ర్యాంకు లేని చోట పిల్లవాడు ఎక్కడున్నాడో తెలుసుకోవడం ఎలా అన్న బెంగ సహజం. దానికి న్యూస్‌లెటర్ చూడక్కర్లేదు, ప్రోగ్రెస్ రిపోర్టు చూడాలి.

మరి న్యూస్‌లెటర్‌లో చెప్పిన విజయాల్లో ఏది పెద్దది, ఏది చిన్నది?

ఇదే అసలు ప్రశ్న. కాలేజీలు అన్నిటినీ ఒకే సైజు అక్షరాల్లో, ఒకే ఉత్సాహంతో రాస్తాయి. బేక్ సేల్‌లో కేకులు అమ్మినవాళ్లకీ బ్రిటిష్ మ్యాథమెటికల్ ఒలింపియాడ్‌కి ఎంపికైన అమ్మాయికీ ఒకటే ఆశ్చర్యార్థకం. చదివేవాళ్లే వేరు చేసుకోవాలి.

నేను చూసే పద్ధతి చెబుతాను. ఒలింపియాడ్లు, డిబేటింగ్ ఫైనల్స్, కౌంటీ జట్టులో చోటు వంటివి పోటీలో గెలిచినవి. కొన్ని ఓపికతో పూర్తి చేసినవి: డ్యూక్ ఆఫ్ ఎడిన్‌బరో గోల్డ్ అవార్డు, ఈపీక్యూ (సొంతంగా చేసే పరిశోధన ప్రాజెక్టు), ఏడాదిపాటు కేర్ హోమ్‌లో వాలంటీరింగ్. ఇంకొన్ని కేవలం హాజరైనందుకు ఇచ్చేవి: టాక్ విన్న సర్టిఫికెట్, ఒక్కరోజు వర్క్‌షాప్, యూనివర్సిటీ టూర్. మూడో రకాన్ని చూసి అవతలివాళ్ల పిల్లలు ఏదో సాధించేశారని కంగారుపడొద్దు. రెండో రకాన్ని మనవాళ్లు చులకనగా చూస్తారు, అది పొరపాటని నా ఉద్దేశం.

న్యూస్‌లెటర్‌లో ఒక్క వాక్యానికి మించి చోటు దక్కని విజయం ఇంకొకటి ఉంది. జీసీఎస్ఈలో ఇంగ్లిష్‌లోనో మ్యాథ్స్‌లోనో 4 గ్రేడు (పాసు గ్రేడు) రాని పిల్లలు కాలేజీకి వచ్చాక కూడా ఆ సబ్జెక్టు చదువుతూనే ఉండాలి. నవంబర్‌లో మళ్లీ రాసే అవకాశం ఉంది, ఫలితం జనవరిలో వస్తుంది. తోటివాళ్లు యూనివర్సిటీల గురించి మాట్లాడుకుంటుంటే భిన్నాలూ శాతాలూ మళ్లీ ముందేసుకుని కూర్చోవాలి, పాసవ్వాలి. గోల్డ్ మెడల్ వచ్చినవాడికి ఎంత ఓపిక కావాలో ఆ పిల్లలకీ అంతే కావాలి.

మా వాడికి సీనియర్ మ్యాథ్స్ చాలెంజ్‌లో బ్రాంజ్ వచ్చింది. కోచింగ్ పెట్టించాలా?

వద్దు. అక్టోబర్‌లో జరిగే ఈ పరీక్షలో 90 నిమిషాల్లో 25 ప్రశ్నలు ఉంటాయి. మొదటే 25 మార్కులు చేతిలో పెడతారు. సరైన జవాబుకి 4 కలుస్తాయి, తప్పుకి 1 పోతుంది. ఫార్ములా గుర్తుంటే చేసేసే లెక్కలు కావివి. చివరి పదింటిలో ఒక్కో దానితో అరగంట కుస్తీ పట్టొచ్చు. బాగా చేసినవాళ్లని సీనియర్ కంగారూ అనే తర్వాతి పోటీకి, ఇంకా బాగా చేసినవాళ్లని బ్రిటిష్ ఒలింపియాడ్ మొదటి రౌండ్‌కి పిలుస్తారు. ఒలింపియాడ్‌లో ఆప్షన్లు ఉండవు, నిరూపణ మొత్తం రాయాలి.

మన పిల్లలు ఇందులో ఎక్కువగా దెబ్బతినేది వేగం వల్ల. చకచకా చేసుకుపోయి, చివరి ప్రశ్నల్లో ఊహించి గుర్తులు పెట్టి మార్కులు పోగొట్టుకుంటారు. పాత పేపర్లు సరదాగా చేయనివ్వండి, చాలు.

జీసీఎస్ఈలో అన్నీ 9లే (అన్నిటికన్నా పై గ్రేడు). ఇప్పుడు కెమిస్ట్రీలో డి ఇచ్చారు. టీచర్ బాగా చెప్పట్లేదా?

అక్టోబర్, నవంబర్ నెలల్లో అన్నిటికన్నా ఎక్కువగా వచ్చే ప్రశ్న ఇదే. ఇయర్ 12 మొదటి టెస్టుల్లో గ్రేడు పడిపోవడం దాదాపు ప్రతి ఇంట్లోనూ జరిగేదే. జీసీఎస్ఈకీ ఏ లెవెల్‌కీ మధ్య మెట్టు ఎత్తు ఎక్కువ. జీసీఎస్ఈలో సమాధానం తెలిస్తే మార్కు వస్తుంది. ఏ లెవెల్‌లో తెలిసిన విషయాన్ని ఎప్పుడూ చూడని సందర్భానికి వర్తింపజేసి, కారణంతో సహా రాయాలి. పైగా ఏ లెవెల్స్ పరీక్షలన్నీ రెండేళ్ల చివర్లో ఒకేసారి జరుగుతాయి. మొదటి ఏడాది మార్కులు తుది గ్రేడులో కలవవు. అంటే తప్పులు చేయడానికి సమయం ఉంది.

రిపోర్టులో రెండు మూడు రకాల గ్రేడ్లు ఉంటాయి. టార్గెట్ గ్రేడు అనేది జీసీఎస్ఈ సగటు చూసి లెక్కగట్టిన అంచనా. వర్కింగ్ గ్రేడు ఇప్పుడు పిల్లవాడు ఉన్న స్థాయి. ప్రెడిక్టెడ్ గ్రేడు యూనివర్సిటీ దరఖాస్తులో టీచర్లు రాసేది, అది ఇయర్ 12 చివర్లోగానీ రాదు. మొదటి టర్మ్‌లో డి చూసి మెడిసిన్ ఆశ వదిలేసుకున్న తల్లిదండ్రులు ఉన్నారు, సబ్జెక్టు మార్పించినవాళ్లూ ఉన్నారు. ముందు ఆ టెస్టు పేపరు తెప్పించి చూడండి. ‘వివరించండి’ అన్నచోట ఒక్క వాక్యం రాసి వదిలేసి ఉంటే, ఆ సమస్య టీచర్‌ది కాదు. క్రిస్మస్ దాటాక కూడా అదే వరస సాగితే అప్పుడు గట్టిగా మాట్లాడాలి.

ఇయర్ 13 పిల్లలు అక్టోబర్‌లోనే ఎందుకంత హడావిడి పడతారు?

యూకాస్ (యూనివర్సిటీ దరఖాస్తులు తీసుకునే సంస్థ) గడువు వల్ల. ఆక్స్‌ఫర్డ్, కేంబ్రిడ్జ్, మెడిసిన్, డెంటిస్ట్రీ, వెటర్నరీ కోర్సులకి అక్టోబర్ 15 లోపు దరఖాస్తు వెళ్లిపోవాలి. మిగతా కోర్సులకి చాలావరకు జనవరి దాకా టైము ఉంటుంది. మొత్తం అయిదు ఎంపికలు, మెడిసిన్ అయితే నాలుగే. ఆక్స్‌ఫర్డ్‌కీ కేంబ్రిడ్జ్‌కీ ఒకే ఏడాది రెండింటికీ పెట్టడం కుదరదు. మెడిసిన్ వాళ్లు యూక్యాట్ అనే ప్రవేశ పరీక్షని జూలై నుంచి సెప్టెంబర్ లోపే రాసేసి ఉండాలి. 2026 ప్రవేశాల నుంచి పర్సనల్ స్టేట్‌మెంట్ (దరఖాస్తులో విద్యార్థి తన గురించి రాసేది) ఒకే వ్యాసం కాదు, మూడు ప్రశ్నలకి జవాబులు. అన్నీ కలిపి 4,000 అక్షరాలు, ఖాళీలతో సహా.

ఆ పైన డిసెంబర్‌లో ఆక్స్‌ఫర్డ్, కేంబ్రిడ్జ్ ఇంటర్వ్యూలు. వాటి ఆఫర్లు జనవరిలో గానీ రావు. కాబట్టి మొదటి టర్మ్ న్యూస్‌లెటర్‌లో ‘ఇంటర్వ్యూకి పిలుపు వచ్చింది’ అని ఉంటే అది సీటు కాదు, పిలుపు మాత్రమే.

తూర్పు లండన్‌లో ఈస్ట్ హామ్ వైపు ఉండే మనవాళ్లు బ్రాంప్టన్ మ్యానర్ పేరు విని ఉంటారు. పేద కుటుంబాల పిల్లలు ఎక్కువగా చదివే ఆ ప్రభుత్వ స్కూలు సిక్స్త్ ఫార్మ్‌కి 2021లో ఆక్స్‌ఫర్డ్, కేంబ్రిడ్జ్ కలిపి 55 ఆఫర్లు వచ్చాయి. ఆ ఏడాది పేరుమోసిన ఖరీదైన ప్రైవేటు స్కూలు ఈటన్‌కి వచ్చినవి 48. పత్రికలు పతాక శీర్షికలు పెట్టాయి. ఆ వార్త చూసి చాలామంది ఇల్లే మారదామనుకున్నారు. మీ ఊళ్లో ఉన్న కాలేజీలో మీ పిల్లవాడికి కావాల్సిన సబ్జెక్టుకి మంచి టీచరుంటే, నా ఓటు దానికే.

ఈపీక్యూ తీసుకోమంటున్నారు. అదనపు బరువు కాదా?

బరువే, కానీ మంచి బరువు. విద్యార్థి తనకి నచ్చిన ప్రశ్న ఒకటి తానే ఎంచుకుని, నెలల తరబడి చదివి, దాదాపు 5,000 పదాల రిపోర్టు రాసి, చివర్లో అందరి ముందు ప్రెజెంటేషన్ ఇవ్వాలి. రిపోర్టు బదులు ఏదైనా వస్తువు తయారు చేయొచ్చు, అప్పుడు చిన్న రిపోర్టు చాలు. దీని విలువ సగం ఏ లెవెల్. ఏ స్టార్ వస్తే 28 యూకాస్ పాయింట్లు, ఏ లెవెల్‌లో అదే గ్రేడుకి 56.

ప్రెజెంటేషన్ రోజు చూడాలి ఈ పిల్లల్ని. పత్తి రైతుల అప్పుల మీద పని చేసిన అబ్బాయిని అవతల కూర్చున్న ఫిజిక్స్ టీచర్ “ఈ అంకె ఎక్కడిది? ఎవరు లెక్కపెట్టారు?” అని అడుగుతారు. స్లైడ్ మీద గ్రాఫు అందంగా ఉంది, మూలం మాత్రం గుర్తులేదు. రెండు నిమిషాల తడబాటు. మార్కులు ఆ ప్రశ్నకి ఇచ్చిన జవాబుకే కాదు, ఎక్కడ తప్పటడుగు వేశాడో, దారి ఎలా మార్చుకున్నాడో రాసుకున్న లాగ్‌బుక్‌కి కూడా ఉంటాయి. మన చదువుల్లో ఈ అలవాటు తక్కువ. నాన్నగారు లాగ్‌బుక్ రాసిపెడితే మాత్రం టీచర్‌కి ఇట్టే తెలిసిపోతుంది.

డ్యూక్ ఆఫ్ ఎడిన్‌బరో గోల్డ్‌కి కూచిపూడి పనికొస్తుందా?

భేషుగ్గా. ఈ అవార్డు 1956లో మొదలైంది. పదహారేళ్లు నిండితే గోల్డ్‌కి చేరొచ్చు, పాతికేళ్ల లోపు పూర్తి చేయాలి. వాలంటీరింగ్, శారీరక వ్యాయామం, నైపుణ్యం, ఎక్స్‌పెడిషన్, ఇంటికి దూరంగా కొత్తవాళ్లతో గడపాల్సిన అయిదు రోజులు, నాలుగు రాత్రులు. ఇలా అయిదు భాగాలు. నాట్యం వ్యాయామం కిందికి వస్తుంది. కర్ణాటక సంగీతం, వీణ, తెలుగు రాయడం నేర్చుకోవడం నైపుణ్యం కిందికి. ఆదివారం తెలుగు బడిలో చిన్న పిల్లలకి అక్షరాలు దిద్దించడం వాలంటీరింగ్. ఒకటే షరతు: ధ్రువీకరించే వ్యక్తి కుటుంబ సభ్యులు కాకూడదు. బాబాయి నడిపే బడి అయితే వేరే టీచర్ చేత రాయించండి.

ఎక్స్‌పెడిషన్ నాలుగు రోజులు, మూడు రాత్రులు. వానలో, బురదలో, వీపు మీద టెంటూ తిండీ మోసుకుంటూ నడవాలి. ఎవరి వంట వాళ్లదే. మన అమ్మలు పులిహోర కట్టిస్తామంటారు. మొదటి రోజు మధ్యాహ్నానికి మంచిదే, రెండో రోజుకి వద్దు.

ఇవన్నీ ఉంటే యూనివర్సిటీ సీటు గ్యారంటీయా?

కాదు. చదువుతో సంబంధం లేని కార్యక్రమాలు తమ నిర్ణయాన్ని ప్రభావితం చేయవని కేంబ్రిడ్జ్ బాహాటంగానే చెబుతుంది. వాళ్లు చూసేది సబ్జెక్టు మీద సిలబస్ దాటి చదివిన చదువు. అందుకే యూకాస్ కోసం డ్రామా క్లబ్బులో చేర్పించడం దండగ. పిల్లకి నాటకం ఇష్టమైతే చేర్పించండి.

బుధవారం మధ్యాహ్నం క్లాసులు పెట్టరేం?

చాలా కాలేజీలు ఆ పూట ఆటలకీ క్లబ్బులకీ వదిలేస్తాయి. ఇతర కాలేజీలతో ఫుట్‌బాల్, నెట్‌బాల్ మ్యాచ్‌లు ఎక్కువగా ఆ రోజే. టైమ్‌టేబుల్‌లో మిగతా ఖాళీలు ఖాళీలు కావు, లైబ్రరీలో సొంతంగా చదువుకోమని ఇచ్చిన గంటలు. ఒక గంట క్లాసుకి ఇంచుమించు మరో గంట సొంత చదువు చాలా కాలేజీలు ఆశించేదే. మొదటి టర్మ్‌లో ఈ గంటలు కామన్ రూమ్‌లో కరిగిపోతాయి. రాత్రి స్టడీ అవర్స్ పెట్టి పక్కన నిలబడే వార్డెన్ ఇక్కడ ఉండడు.

మా అమ్మాయి టీచర్‌ని పేరు పెట్టి పిలుస్తోంది. ఇదెక్కడి పద్ధతి?

చాలా సిక్స్త్ ఫార్మ్ కాలేజీల్లో అదే పద్ధతి. యూనిఫాం కూడా ఉండదు, మెడలో లాన్యార్డ్ (ఐడీ కార్డు తాడు) మాత్రం ఉండాలి. పేరెంట్స్ ఈవెనింగ్‌కి వెళ్లినప్పుడు మీరు సార్, మేడమ్ అంటే ఎవరూ ఏమీ అనుకోరు.

పేరెంట్స్ ఈవెనింగ్‌లో అయిదే నిమిషాలు ఇచ్చారు. ఏం అడగాలి?

“ఎలా చదువుతున్నాడు?” అని అడిగితే “బాగానే” అంటారు, అయిదు నిమిషాలూ అయిపోతాయి. “పోయిన టెస్టులో ఏ రకం ప్రశ్నలు పోగొట్టుకున్నాడు? వచ్చే ఆరు వారాల్లో ఏం చేయాలి?” అని అడగండి. బ్రిటిష్ టీచర్ల మర్యాదని కూడా అర్థం చేసుకోవాలి. “ఇంకొంచెం సొంతంగా కృషి చేస్తే బాగుంటుంది” అన్నారంటే, పిల్లవాడు హోంవర్క్ చేసి ఇవ్వట్లేదని అర్థం. పిల్లవాణ్ణి పక్కనే కూర్చోబెట్టుకోండి, అతన్నే మాట్లాడనివ్వండి.

పండుగలు, విరాళాలు, నిశ్శబ్దాలు... ఇన్ని కార్యక్రమాలు చదువుకి అడ్డు కాదా?

ఒక్కోటి అరగంటో గంటో. టర్మ్ మొత్తం మీద లెక్కేస్తే రెండు రోజులు కూడా ఉండవు. కానీ వేర్వేరు స్కూళ్ల నుంచి వచ్చి, ఒకరి మొహం ఒకరికి తెలియని వందలమందిని ఒక కాలేజీగా చేసేవి ఇవే.

అక్టోబర్‌లో బ్లాక్ హిస్టరీ మంత్. అమెరికాలోలా ఫిబ్రవరిలో కాదు. నవంబర్ 11న ఉదయం 11 గంటలకి యుద్ధాల్లో చనిపోయినవాళ్ల కోసం రెండు నిమిషాల మౌనం, కోట్ల మీద ఎర్ర పాపీ పువ్వులు. మొదటి ప్రపంచ యుద్ధంలో మన ఉపఖండం నుంచి 10 లక్షలమందికి పైగా వెళ్లి పనిచేశారు, కాబట్టి అది పరాయివాళ్ల సంతాపం అనుకోనక్కర్లేదు. హిస్టరీ టీచర్‌కి ఆ సంగతి చెబితే అసెంబ్లీలో మాట్లాడమని మీ పిల్లనే అడగొచ్చు. నవంబర్‌లోనే చిల్డ్రన్ ఇన్ నీడ్ అనే పిల్లల సహాయ నిధి కోసం చుక్కల బట్టలు. డిసెంబర్‌లో క్రిస్మస్ జంపర్ డే: ముతక ఊలు స్వెటర్, మీద మెరిసే రెయిన్‌డీర్, జేబులోంచి ఒకట్రెండు పౌండ్లు. మనవాళ్లు దానికోసం కొత్త స్వెటర్ కొంటారు, చారిటీ షాపులో పాతది తెచ్చుకుంటే ఇంకా బాగుంటుంది.

దీపావళితో చిక్కు ఏమిటంటే, చాలాసార్లు అది హాఫ్ టర్మ్ (టర్మ్ మధ్యలో వచ్చే) సెలవుల్లో పడుతుంది. 2024లో అక్టోబర్ 31న, చాలాచోట్ల సరిగ్గా ఆ వారంలోనే వచ్చింది. అందుకని కాలేజీలో ముందో వెనకో చేస్తారు. స్మోక్ అలారం మోగుతుందని ప్రమిదలు వెలిగించనివ్వరు, బ్యాటరీ దీపాలే. కార్పెట్ మీద ముగ్గు పిండి పోయనివ్వరు. నల్ల చార్టులు నాలుగు అతికించి, వాటి మీద సుద్దతో చుక్కలు పెట్టి, గీతలు కలిపి, రంగు బియ్యం నింపుతారు. చుక్కలు లెక్క తప్పితే గుజరాతీ అమ్మాయి రంగోలీ వైపు తిప్పేస్తుంది, తమిళ అమ్మాయి కోలం అంటుంది. ఏడెనిమిది మంది మోకాళ్ల మీద కూర్చుని వాదించుకుంటుంటే, అటుగా వెళ్తున్న నైజీరియా కుర్రాడు కూర్చుని సరిహద్దు గీత పూర్తి చేస్తాడు. న్యూస్‌లెటర్‌లో దీనికి దక్కేది ‘దీపావళి వేడుకలు ఘనంగా జరిగాయి’ అన్న ఒక్క వాక్యం.

తెలుగులో జీసీఎస్ఈ, ఏ లెవెల్ రాయొచ్చా?

లేవు. పంజాబీ, గుజరాతీ, బెంగాలీ, ఉర్దూలకి ఉన్నాయి. ఆ భాషల వాళ్లు ఇక్కడికి ముందుగా, పెద్ద సంఖ్యలో వచ్చి, స్కూళ్లలో పిల్లల్ని ఆ పరీక్షలకి కూర్చోబెట్టారు. మనకి ఆ సంఖ్య ఇంకా కూడలేదు.

మా వాడి ఫోటో న్యూస్‌లెటర్‌లో వేయలేదు. పక్షపాతమా?

ముందు వాణ్ణి అడగండి. ఫోటో, పేరు వేయడానికి అనుమతి కావాలి, చేరేటప్పుడు ఆ ఫారం నింపేది చాలాచోట్ల విద్యార్థే. వద్దని టిక్ పెట్టి, ఇంట్లో చెప్పని పిల్లలు చాలామంది. కాలేజీ బయట గెలిచిన పోటీలైతే కాలేజీకి తెలియకపోవచ్చు, ట్యూటర్‌కి ఒక ఈమెయిల్ పెట్టండి.

ఉచిత భోజనం, బర్సరీ అడగడం నామోషీ కదా?

కాదు. ఆదాయం తక్కువున్న కుటుంబాల పిల్లలకి కాలేజీల్లో ఉచిత భోజనం 2014 నుంచి ఉంది. బస్సు ఛార్జీలకీ పుస్తకాలకీ 16 నుంచి 19 ఏళ్లవాళ్ల కోసం బర్సరీ ఫండ్ ఉంది. కొన్ని ప్రత్యేక పరిస్థితుల్లో ఉన్నవాళ్లకి ఏడాదికి 1,200 పౌండ్ల దాకా వస్తుంది. వీసా షరతులు ఒక్కో ఇంటికి ఒక్కోలా ఉంటాయి కాబట్టి, ఫారం నింపేముందు స్టూడెంట్ సర్వీసెస్ వాళ్లని అడగండి. గుట్టుగానే చూస్తారు.

సంక్రాంతికి ఇండియా వెళ్లి రావచ్చా? ఈ వయసులో ఫైన్ వేయరంటున్నారు.

ఫైన్ మాట నిజమే, అది పదహారేళ్లలోపు స్కూలు పిల్లల తల్లిదండ్రులకి. కానీ జనవరి మధ్యలో చాలా కాలేజీల్లో ఇయర్ 13 మాక్ పరీక్షలు ఉంటాయి. హాజరు శాతం పడితే ట్యూటర్ నుంచి ఉత్తరం వస్తుంది, యూనివర్సిటీకి రాసే రిఫరెన్స్ కూడా ఆ కాలేజీయే రాయాలి. ఇయర్ 12 అయితే నాలుగు రోజులు అడిగి చూడండి, ఇవ్వకపోతే పట్టుబట్టకండి. ఇయర్ 13 అయితే టికెట్లు ఆగస్టుకి, ఫలితాల గురువారం దాటాక తీసుకోండి. గ్రేడ్లు అటూ ఇటూ అయితే ఆ రోజు పొద్దున్నే యూనివర్సిటీలకి ఫోన్లు చేయాల్సింది విద్యార్థే. గన్నవరంలోనో శంషాబాద్‌లోనో ఎయిర్‌పోర్టు క్యూలో నిలబడి చేసే పని కాదది.